చెన్నైలో పాదాల పాఠం

మా ఎముకల డాక్టర్లలో పాదం మీద మోజు పడేవాళ్లు తక్కువ. మోకాలు మార్చేవారికి పేరుంది, తుంటి మార్చేవారికి పేరుతో పాటు నాలుగు డబ్బులూ ఉన్నాయి, వెన్నెముక జోలికి వెళ్లేవారంటే మిగతావాళ్లకు ఒకింత భయం. పాదం దగ్గరికి వచ్చేసరికి మాత్రం “సిమెంటు కట్టు వేసి పంపేద్దాం” అన్న మాటే వినిపిస్తుంది. ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉంటాయి. రెండూ కలిపితే ఒంట్లోని 206 ఎముకల్లో పావు వంతు అక్కడే. అయినా పీజీ చదువులో పాదానికి దక్కింది కొద్దిపాటి తరగతులే. మిగతాదంతా రోగుల మీద నేర్చుకున్నదే అని చెప్పుకోవాలి, అది చెప్పుకోదగ్గ విషయం కాకపోయినా.

నెల్లూరు జిల్లాలో ఒక చిన్న పట్టణంలో నా ఆస్పత్రి. పాదాలకు మా దగ్గర కొదవ లేదు. తాటిచెట్టు మీద నుంచో పరంజా మీద నుంచో పడి మడమ చితికినవాళ్లు, నాన్న బండి వెనక కూర్చుని చక్రంలో కాలు పెట్టిన పిల్లలు, అరికాల్లో మేకు దిగినా తెలియని షుగరు రోగులు. అందుకే చెన్నైలో పాదం, కాలు శస్త్రచికిత్సల మీద శిక్షణ సదస్సు ఉందని తెలియగానే పేరు నమోదు చేసుకున్నాను. అందులో రెండు భాగాలు. ఉపన్యాసాలు అందరికీ. దానంగా వచ్చిన దేహాల మీద సాధన చేసే రెండో భాగానికి సీట్లు తక్కువ, రుసుము ఎక్కువ. రశీదు చూసి మా ఆవిడ, “ఈ డబ్బుతో ఇంట్లో ఆడపిల్లలందరి కాళ్లకూ వెండి పట్టీలు వచ్చేవి” అంది. కాదనలేకపోయాను.

పినాకినిలో వెళ్లి సెంట్రల్లో దిగాను. ఎదురుగానే పెద్దాస్పత్రి, దాని పక్కనే 1835లో మొదలైన మద్రాసు వైద్య కళాశాల. మా నాన్న తరంలో నెల్లూరు వాళ్లకు “మద్రాసు తీసుకెళ్లండి” అంటే అర్థం ఆ గేటే. అక్కడి నుంచి సదస్సు జరిగే చోటికి ఆటోలో పోతుంటే దారిలో ‘పుత్తూరు కట్టు’ అన్న బోర్డులు కనిపించాయి. మన చిత్తూరు వైపు ఊరి పేరు చెన్నై వీధుల్లో అలా వెలుగుతోంది. సదస్సులో ఎవరో ఆ బోర్డుల మీద హాస్యమాడితే హాలంతా నవ్వింది. నాకు అంతగా నవ్వు రాలేదు. ఆ బోర్డు కింద జనం బారులు తీరేది అక్కడ కత్తి పడదన్న ధైర్యంతోనే కదా. ఆ భయం ఎందుకు కలిగిందో మనం కూడా కాస్త ఆలోచించుకోవాలి.

మొదటి ఉపన్యాసం మడమ ఎముక విరుగుళ్ల గురించి. తెర మీద ప్లేట్లూ స్క్రూలూ వస్తాయని ఎదురుచూస్తే, మొదటి అరగంటా చర్మమే కనిపించింది. వాచి నిగనిగలాడే చర్మం, నీటి పొక్కులు లేచిన చర్మం, తొందరపడి కోస్తే నల్లబడి ఊడిన చర్మం. మడమ బయటి వైపు చర్మం కింద కండ అంటూ లేదు, నేరుగా ఎముకే. అక్కడ గాయం విచ్చుకుంటే లోపలున్న లోహం బయటపడుతుంది, ఆ తర్వాత చీము, ఆ తర్వాత చర్చ మొత్తం కాలు నిలుపుకోవడం గురించే. కాబట్టి వాపు దిగి, పాదాన్ని కాస్త పైకి వంచితే చర్మం ముడతలు పడేదాకా ఆగాలి. వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. ఎక్స్‌రేలో మడమ ఎముక ఎత్తును తెలిపే బోలర్ కోణం మామూలుగా 20 నుంచి 40 డిగ్రీలు ఉంటుందనీ, మడమ కుంగితే అది తగ్గుతుందనీ, ఎత్తు నుంచి మడమల మీద పడ్డవాడికి నడుము ఎక్స్‌రే కూడా తీయాలనీ ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. పడ్డ రోజే ఆపరేషను చేయమని గొడవపడే బంధువులకు ఆగమని ఎలా చెప్పాలో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ప్రొఫెసరు వాపు మీద మార్కరుతో గుర్తు పెట్టి, రోజూ పొద్దున్నే రోగి చేతనే దాన్ని చూపిస్తారట. నచ్చింది. ఊరికి రాగానే మొదలుపెట్టాను.

తరువాతి ఉపన్యాసాలు కొన్ని బాగున్నాయి, కొన్ని సాగాయి. చీలమండ విరుగుళ్ల వర్గీకరణలు నలుగురు వక్తలు నాలుగు రకాలుగా చెప్పారు. కాలు నుజ్జయినప్పుడు ఉంచాలా తీసేయాలా అన్న చోట కోయంబత్తూరు గంగా ఆస్పత్రి వాళ్లు రూపొందించిన స్కోరు గురించి చక్కగా వివరించారు. 14, అంతకంటే తక్కువ వస్తే కాలు నిలపడానికి ప్రయత్నించాలి, 17, అంతకంటే ఎక్కువైతే తీసేయడమే మేలు, మధ్యలో వచ్చినవాటికి అనుభవం, కుటుంబంతో మాట. మన రోడ్ల మీది ప్రమాదాలు చూసి మన పక్క రాష్ట్రంలో తయారుచేసిన కొలబద్ద అది. హాలు బయట ఇంప్లాంటు కంపెనీల స్టాళ్లు, ఉచిత సంచులు, కలాలు, నవ్వు మొహాలు. వాళ్ల దగ్గర కాఫీ బాగుంది, అంతవరకు కాదనను.

మధ్యాహ్నం ఎవరి కేసులు వాళ్లు చూపించి చర్చించుకునే సమయం. మడమ విరుగుడు వంకరగా అతికి, మడమ ఎముక మీద కూర్చునే టాలస్ ఎముక కింది కీలు అరిగిపోయిన ఒక వరి రైతు కేసు నేను పెట్టాను. ఆ కీలును బిగించి, రెండు ఎముకలనూ ఒకటిగా అతికించాను. ఎక్స్‌రేలో అతుకు చక్కగా ఉంది. అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయన తెర వైపు చూడనే లేదు. నేను నెల్లూరు వాణ్ణని విని తెలుగులోకి దిగారు.

“మాది తిరువళ్లూరు తెలుగు, తప్పులుంటే సర్దుకోవాలి. ఇంతకీ మీ రైతు గట్టు మీద నడుస్తున్నాడా?”

“రోడ్డు మీద నొప్పి లేదు సార్. గట్టు మీద కర్ర పట్టుకుంటున్నాడు.”

“చేలో దిగుతున్నాడా?”

“దిగుతున్నాడు సార్, ముందులా కాదు.”

“అది స్లైడులో రాయాలి డాక్టరు గారూ. ఎక్స్‌రే కన్నా ముందు.”

విషయం ఏమిటంటే, పాదం లోపలికీ బయటికీ ఒరిగేది ముఖ్యంగా ఆ కీలు వల్లే. చదును నేల మీద నడిచేవాడికి అది పోయినా పెద్ద లోటు తెలియదు. గట్ల మీద, రాళ్ల మీద బతికేవాడికి ప్రతి అడుగులోనూ తెలుస్తుంది. అలాగే చీలమండ కీలును బిగించేస్తే గొంతుక్కూర్చోవడం కష్టమవుతుంది. అమెరికా పాదాల సర్జన్ల సంఘం వంద మార్కుల పట్టిక ఒకటి మేమందరం వాడతాం. నొప్పికి 40, పనితీరుకు 50, పాదం వరసకు 10. అందులో ఎగుడుదిగుడు నేల మీద నడకకు ఐదు మార్కులున్నాయి. గొంతుక్కూర్చోవడానికి ఒక్క మార్కు కూడా లేదు. జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి 1960ల చివర్లో రబ్బరు పాదం తయారుచేసింది సరిగ్గా ఈ లోటు చూసే. విదేశీ కృత్రిమ పాదంతో మనవాళ్లు నేల మీద కూర్చోలేరు, బూటు లేకుండా నడవలేరు. కృత్రిమ పాదానికి అంత ఆలోచన పెట్టినవాళ్లం, సొంత పాదానికి ఆపరేషను చేసేటప్పుడు రోగి ఎలా కూర్చుంటాడో, ఎక్కడ నడుస్తాడో కేసు షీటులో రాయం. అక్కడి నుంచి చర్చ ఊపందుకుంది. గీత కార్మికుడికి కీలు బిగిస్తే మళ్లీ చెట్టెక్కగలడా అని ఒకరు, ఎక్కకపోవడమే మంచిది కదా అని ఇంకొకరు, అతని బువ్వ నువ్వు పెడతావా అని మూడో ఆయన. సదస్సు మొత్తంలో టీ విరామాన్ని ఎవరూ పట్టించుకోనిది ఆ ఒక్కసారే.

మర్నాడు దేహాల మీద సాధన. ల్యాబులోకి వెళ్లే ముందు వసారాలో మా బోధకుడు బూటూ మేజోడూ విప్పి, కుర్చీ మీద కాలు పెట్టి, పాదాన్ని లోపలికి ఒంచి నాలుగో వేలిని కిందికి లాగారు. చీలమండ ముందు భాగంలో, చర్మం కింద సన్నటి గీత ఒకటి ఉబ్బెత్తుగా లేచింది. పాదం పైభాగానికి స్పర్శనిచ్చే నాడి అది. చీలమండలోకి లోపల చూసే కెమెరా గొట్టం పెట్టేటప్పుడు బయటి వైపు రంధ్రం చేస్తే తెగేది అదే. రోగికి మత్తు ఇవ్వకముందే ఇలా వేలు లాగి, పెన్నుతో గీత గీసుకోవాలట. అందరం బూట్లు విప్పాం. నా కాలి మీద ఏ గీతా లేవలేదు. “సార్, మీకు ఇంట్లో తిండి బాగా పెడుతున్నట్టున్నారు” అన్నారు నాతో బల్ల పంచుకోబోయే అనంతపురం మేడమ్. ఆవిడ కాలి మీద నాడి చక్కగా కనిపించింది.

లోపల మొదట ఒక నిమిషం మౌనం. బల్లల పక్కన పూలు పెట్టారు. చనిపోయాక తమ ఒంటిని మా చేతుల్లో పెట్టిన మనుషులు వాళ్లు. ఫార్మలిన్‌లో నిల్వ ఉంచిన దేహమైతే కొయ్యబారి ఉంటుంది, ఎంబీబీఎస్‌లో అందరం చూసిందే. ఇక్కడివి అతిశీతలంలో భద్రపరిచి, ముందు రోజు నుంచి మెల్లగా కరిగించినవి. చర్మం మెత్తగా ఉంది, కీళ్లు కదులుతున్నాయి, ఆ ఘాటు వాసన లేదు. రక్తం రాకపోవడం ఒక్కటే తేడా, ఆ తేడా చిన్నదేమీ కాదు.

మడమ బయటి వైపు ఎల్ ఆకారంలో కోత. చర్మాన్ని పొరలు పొరలుగా విప్పకూడదు. కత్తి తిన్నగా ఎముకదాకా వెళ్లాలి, చర్మం నుంచి ఎముక పైపొర దాకా మొత్తం ఒకే మందంగా లేవాలి. లేచిన దాన్ని కొక్కేలతో లాగడం నిషేధం. ఎముకల్లోకి మూడు సన్నటి తీగలు దించి, వాటిని వెనక్కి వంచితే చర్మం వాటి మీద ఆనుకుని నిలబడుతుంది. ఇక ఎవరూ దాన్ని ముట్టుకోరు. మేడమ్ మూడో తీగ వంచుతున్నప్పుడు బోధకుడు వచ్చి, “మీ చేతులు ఇప్పుడు చర్మం మీద ఉన్నాయా, లేవా?” అని అడిగారు. లేవు. “సరే” అని వెళ్లిపోయారు. ఆయన మెచ్చుకోలు అంతవరకే.

లోపలి ఎముక చూశాక నాకు చాలా సందేహాలు తీరాయి. మడమ బయటి గోడ కోడిగుడ్డు పెంకంత పలచన, లోపలంతా స్పాంజి. స్క్రూకు పట్టు దొరికేది లోపలి అంచున గట్టిగా ఉండే చిన్న అరుగులాంటి ముక్కలో. మడమ ఎన్ని ముక్కలైనా సాధారణంగా ఆ ముక్క తన చోటు వదలదు. బయటి నుంచి, కంటికి కనపడని ఆ ముక్క వైపు గురిచూసి స్క్రూ వేయాలి. ఆపరేషను మధ్యలోనే ఎక్స్‌రే చూపే సి-ఆర్మ్ యంత్రంలో చూస్తూ వేశాం. అప్పుడు బోధకుడు కావాలనే, “ఇప్పుడది తీసి ఐదు మిల్లీమీటర్లు పొడుగుది వేయండి” అన్నారు. వేశాం. “బొటనవేలు కదపండి.” కదిపితే వేలిలో ఏదో గీరుకుంటున్నట్టు తగిలింది. కాలు తిప్పి లోపలి వైపు కోసి చూస్తే, ఆ అరుగు కిందుగా పోయే బొటనవేలి స్నాయువును స్క్రూ మొన గీకుతోంది. ఆపరేషను బాగా జరిగిందన్నా వేలు వంచినప్పుడల్లా నొప్పి అనే రోగులు మాకందరికీ ఉన్నారు. మేడమ్, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ స్నాయువు మీద పడ్డ గీరును ఆవిడ ఫోనులో ఫొటో తీయబోయి, ల్యాబులో ఫొటోలు నిషిద్ధమని గుర్తొచ్చి, కాగితం మీద బొమ్మ వేసుకున్నారు.

తర్వాత అదే పనిని చిన్న కోతతో, చీలమండ ఎముక కొస నుంచి నాలుగో వేలి ఎముక వైపుగా గీత గీసి చేయడం నేర్పారు. చర్మానికి ముప్పు తక్కువ, కనిపించేది కూడా తక్కువే. నా మటుకు నాకు ముక్కలు తక్కువున్న విరుగుళ్లకు ఇదే మేలనిపించింది. చివరికి అన్నిటినీ కుట్టమన్నారు, రోగికి కుట్టినట్టే. లేపిన చర్మం వైపు సూది బయటికి రాకుండా లోలోపలే తిరిగి, ముడి అవతలి అంచున పడే కుట్టు అది. ప్రాణం ఊగిసలాడే అంచుకు అలా అయితే రక్తం అందుతుంది. ఈ దేహానికి ఆ అవసరం లేదు. అయినా ఎవరూ తొందరపడలేదు.

భోజనంలో సాంబారు, రసం, మోరు, మళ్లీ సాంబారు. మేడమ్ సంచిలోంచి శెనక్కాయ పొడి సీసా తీశారు. తెలుగువాళ్లు ఎంతమంది వచ్చారో అప్పుడు తెలిసింది.

ప్లాస్టర్ గదిని కార్యక్రమంలో ఆఖరున పెట్టారు. సగం మంది అప్పటికే విమానాలకూ రైళ్లకూ బయల్దేరిపోయారు. నన్నడిగితే దాన్నే మొదట పెట్టాలి. అక్కడ నేర్పింది గుమ్మిడిపూండి వైపు నుంచి వచ్చిన ప్లాస్టర్ టెక్నీషియన్. తెలుగు ఇంట్లో భాష, తమిళం పని భాష. తడ దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి వంకర పాదాలతో పుట్టిన పసివాణ్ణి తెచ్చింది. వెయ్యి మంది శిశువుల్లో సుమారు ఒకరికి ఇలా వస్తుంది.

“బిడ్డకు పాలు పట్టమ్మా, పడుతూనే ఉండు. వాడు నోటి పనిలో ఉంటే నేను కాలి పని చూసుకుంటాను.”

పొన్సెటి పద్ధతి అది. ఇగ్నాసియో పొన్సెటి స్పెయిన్‌లో 1914లో పుట్టి, అమెరికాలోని అయోవాలో 1940ల నుంచి ఇలాగే కట్లు వేస్తూ వచ్చారు. మిగతా ప్రపంచమంతా పసిపాదాలను కోసి సరిచేస్తున్న దశాబ్దాల్లో ఆయన మాట విన్నవాళ్లు బహు కొద్దిమంది. 1990ల చివరికి గానీ అందరూ అటు తిరగలేదు. వారానికొక కట్టు, మామూలుగా ఐదు నుంచి ఏడు. ఆ టెక్నీషియన్ ఎడమ బొటనవేలు టాలస్ ఎముక తల మీద ఆనించి, కుడిచేత్తో పాదం ముందు భాగాన్ని పక్కకు తిప్పారు. మడమను అసలు ముట్టుకోలేదు. మడమను పట్టుకుని తిప్పాలని చూసేవారికి అది తిరగదు. టాలస్ మీద ఆనుకుని ముందు భాగం తిరిగితే మడమ దానంతటదే వస్తుంది. నా చేతికిచ్చినప్పుడు, “బలం వద్దు సార్, ఊరికే ఆపండి” అన్నారు. కట్టు తొడదాకా, మోకాలు లంబంగా వంచి. మోకాలి కిందికే ఆపితే బిడ్డ తన్ని జార్చేస్తాడు, దిద్దిన తిరుగుడూ నిలవదు.

కట్లన్నీ అయ్యాక చాలామంది పిల్లలకు మడమ వెనక స్నాయువును చిన్న గాటుతో తెంపి మూడు వారాల కట్టు వేస్తారు. ఆ లోగా అది పొడుగై అతుక్కుంటుంది. అసలు పరీక్ష ఆ తర్వాత. కడ్డీకి బిగించిన బూట్లు మూడు నెలల పాటు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగేళ్ల వయసు వచ్చేదాకా రాత్రుళ్లూ నిద్రవేళల్లోనూ వేయాలి. పాదం మళ్లీ వంకరపోయిందంటే చాలావరకు బూట్లు మానేయడమే కారణం.

“మా అత్త ఒప్పుకోదు సార్. బిడ్డ ఏడిస్తే విప్పేస్తుంది” అంది ఆ తల్లి.

“వచ్చే వారం అత్తగారిని కూడా తీసుకురామ్మా. బూట్లు వేసే పని ఆవిడకే నేర్పుతా. తను వేసింది తను విప్పదు.”

ఈ కిటుకు ఉపన్యాసాల్లో ఎక్కడా వినలేదు.

అదే గదిలో షుగరు పాదానికి కట్టు. పాదం ఎర్రగా, వేడిగా, వాచి ఉంటుంది, నొప్పి మాత్రం పెద్దగా ఉండదు. చీము అనుకుని యాంటీబయాటిక్‌లు రాస్తారు. కాలు కాసేపు ఎత్తి ఉంచితే ఎరుపు తగ్గిందంటే అది స్పర్శ పోయిన ఎముకలు లోలోపల కూలుతున్న షార్కో పాదమేమోనని అనుమానించాలి. కావలసింది పాదమంతా అంటుకుని బరువును సమంగా పంచే కట్టు. మేం ఒకరి కాళ్లకు ఒకరం వేసుకున్నాం. ఆ కట్టుతో నేను వసారాలో అటూ ఇటూ తిరిగాను. బరువు పాదం మీదే కాక పిక్క మీద కూడా పడుతున్నట్టు తెలుస్తూనే ఉంది. దీన్ని అమెరికాలో ప్రచారంలోకి తెచ్చిన పాల్ బ్రాండ్ పుట్టింది తమిళనాడులోని కొల్లి కొండల్లో, 1914లోనే. వెల్లూరులో కుష్ఠు రోగుల మొద్దుబారిన పాదాలను చూసి నేర్చుకున్న విద్యను ఆయన అక్కడికి తీసుకెళ్లారు. మన గడప దాటి వెళ్లింది ఇప్పుడు విదేశీ స్లైడుల మీద మనకు తిరిగొస్తోంది. చెన్నైకి వెల్లూరు ఎంత దూరం! ఉపన్యాసకుల్లో ఒక్కరైనా ఆ ఊరి పేరెత్తి ఉంటే బాగుండేది.

సర్టిఫికెట్ ఇచ్చారు, వైద్య మండలి క్రెడిట్ అవర్లు వచ్చాయి. ఊళ్లో ఇప్పుడు షుగరు రోగి ఎవరొచ్చినా పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాళ్లలో స్పర్శ ఉందో లేదో పరీక్షిస్తున్నాం. కేసు షీటులో ‘ఎలా కూర్చుంటారు, ఎక్కడ నడుస్తారు’ అన్న గడి ఒకటి చేర్చాం. మా ప్లాస్టర్ కట్టే కుర్రాణ్ణి వచ్చేసారి పంపుతానని నిర్వాహకులను అడిగితే, రిజిస్ట్రేషను డాక్టర్లకు మాత్రమే అన్నారు. కనీసం ఆ ఒక్క గదికైనా టెక్నీషియన్లను రానివ్వమని ఉత్తరం రాశాను. అనంతపురం మేడమ్ కూడా రాశారు. జవాబు ఇంకా రాలేదు.